నేరుగా ఎనిమిదో లెవెల్‌తో మొదలుపెట్టేవారికి: డీ అండ్ డీలో హై లెవెల్ పాత్ర తయారీ

డీ అండ్ డీ (డంజియన్స్ అండ్ డ్రాగన్స్) అంటే టేబుల్ చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా పాచికలతో ఆడే కథల ఆట; అనుభవం పెరిగేకొద్దీ పాత్ర లెవెల్ పెరుగుతుంది. నేను మొదటిసారి తయారుచేసుకున్న హై లెవెల్ పాత్ర 9వ లెవెల్ విజార్డ్, అంటే పుస్తకంలోంచి మంత్రాలు నేర్చుకుని వేసేవాడు. అప్పటికే ఏడాదిగా నడుస్తున్న ఆటలో మధ్యలో చేరాను. స్పెల్‌బుక్‌లో 22 స్పెల్స్ (మంత్రాలు), పాత్ర వివరాల షీట్ నిండా అంకెలు, లెక్కలో ఒక్క తప్పు లేదు. మొదటి పోరాటంలో మా ఫైటర్ (ఆయుధంతో పోరాడేవాడు) మీద వేగం పెంచే హేస్ట్ వేశాను. అతను రెచ్చిపోయి ట్రోల్ అనే రాక్షసుడి మీదికి దూకాడు. మరుసటి వంతుకి ఇంకో ట్రోల్ నా వైపు రావడం చూసి, కంగారులో నా మీద ఫ్లై వేసుకున్నాను. రెండూ కాన్సంట్రేషన్ స్పెల్సే, అంటే ఏకాగ్రతతో పట్టుకుని ఉండాల్సినవి, ఒకసారికి ఒక్కటే నడుస్తుంది. రెండోది వేయగానే మొదటిది ఊడిపోయింది. హేస్ట్ ఊడితే అది పడ్డవాడు తన తర్వాతి వంతు అయిపోయేదాకా కదలలేడు, ఏ పనీ చేయలేడు. నేను గాల్లో తేలుతున్నాను, ఫైటర్ ట్రోల్ ముందు బొమ్మలా నిలబడ్డాడు.

ఒకటో లెవెల్ నుంచి ఆడుకుంటూ వచ్చినవాడికి ఈ పొరపాటు జరగదు. ఎప్పుడో రెండో లెవెల్లోనే చిన్న స్పెల్‌తో, చిన్న నష్టంతో నేర్చుకుని ఉంటాడు. ప్రతి లెవెల్‌కి ఒకటో రెండో కొత్త శక్తులు వస్తాయి, వాటిని రెండు మూడు వారాలు వాడతాడు, చేతికి అలవాటవుతాయి. మనం ఆ నెలల అనుభవాన్ని ఒక్క సాయంత్రంలో కాగితం మీదికి తెచ్చుకోవాలి. అందుకే ఇక్కడ చెప్పే పద్ధతి కొంచెం నెమ్మదైనది: పాత్రని ఒకటో లెవెల్లో పుట్టించి, మెట్టుమెట్టుగా ఎక్కించడం. ఉదాహరణకి ఒక 8వ లెవెల్ క్లెరిక్‌ని (దేవుడి శక్తితో స్పెల్స్ వేసే పూజారిని) తీసుకుందాం. లెక్కలు 2014 నాటి ఐదో ఎడిషన్ రూల్స్‌వి. 2024లో వచ్చిన సవరణతో తేడా వచ్చే చోట అక్కడికక్కడ చెబుతాను.

మొదటి అడుగు: పుస్తకం తెరవకముందు డీఎంని అడగండి

డీఎం అంటే ఆటని నడిపించే డంజియన్ మాస్టర్. ఏ లెవెల్, ఏ ఏడాది రూల్స్, ఎబిలిటీ స్కోర్లు (బలం, తెలివి లాంటి ఆరు గుణాల అంకెలు) పాచికలు వేసి తీసుకోవాలా లేక పాయింట్లతో కొనాలా, హిట్ పాయింట్లు (పాత్ర ఎంత దెబ్బ తట్టుకుంటుందో చెప్పే అంకె) పాచికతో వేయాలా సగటు తీసుకోవాలా, మ్యాజిక్ వస్తువులు ఎన్ని. 2014 రూల్స్ అయితే ఫీట్లు (ప్రత్యేక నైపుణ్యాలు), మల్టీక్లాస్ (ఒకే పాత్రకి రెండు క్లాసులు, అంటే విజార్డ్, ఫైటర్ లాంటి రెండు వృత్తులు) రెండూ డీఎం ఒప్పుకుంటేనే ఉంటాయి, కాబట్టి అది కూడా అడగండి.

వీటన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇంకోటి ఉంది: ఇప్పుడున్న గుంపు ఏ పనికి ఇబ్బంది పడుతోంది? ఇప్పటికే ఇద్దరు విజార్డ్‌లు ఉన్నచోటికి మూడో విజార్డ్‌గా వెళ్తే మీ గొప్ప స్పెల్స్ అన్నీ వాళ్లు ముందే వేసేస్తారు. మన ఉదాహరణలో గుంపులో గాయాలు మాన్పేవాళ్లు లేరు, శత్రువు ముందు నిలబడేది ఒక్కరే. అందుకే గట్టి కవచం తొడుక్కుని, గాయాలు మాన్పడంలో ఆరితేరే లైఫ్ డొమైన్ క్లెరిక్.

రెండో అడుగు: ఒకటో లెవెల్లో పుట్టించండి

నేరుగా 8వ లెవెల్ షీట్ నింపాలని చేతులు దురదపెడతాయి. వద్దు. ఖాళీ కాగితం మీద ఒకటో లెవెల్ పాత్రని పూర్తిగా రాయండి.

పాచికలు వేయకపోతే స్టాండర్డ్ అరే ఉంది: 15, 14, 13, 12, 10, 8. లేదా 27 పాయింట్లతో కొనుక్కోవచ్చు. మన క్లెరిక్ మామూలు మనిషి. 2014 రూల్స్‌లో మామూలు మనిషికి ఆరింటికీ ఒక్కో పాయింట్ కలుస్తుంది. కాబట్టి విజ్డమ్ 16, స్ట్రెంగ్త్ 15, కాన్‌స్టిట్యూషన్ 14, డెక్స్‌టెరిటీ 13, కరిష్మా 11, ఇంటెలిజెన్స్ 9. (2024లో ఈ పాయింట్లు జాతి నుంచి కాక బ్యాక్‌గ్రౌండ్ నుంచి వస్తాయి, దాంతోపాటు ఒక ఆరిజిన్ ఫీట్ కూడా ఇస్తారు.)

క్లెరిక్‌కి స్ట్రెంగ్త్ 15 దేనికి అని అడగొచ్చు. స్ప్లింట్, ప్లేట్ లాంటి బరువు కవచాలకి స్ట్రెంగ్త్ 15 కావాలి, లేకపోతే నడక 10 అడుగులు తగ్గుతుంది. 8వ లెవెల్లో ఏం తొడుక్కుంటామో ఒకటో లెవెల్లోనే ఆలోచించడం మనకున్న ఒకే ఒక్క అదనపు సౌకర్యం. ఆడుకుంటూ పెరిగినవాడికి అది ఉండదు. వాడుకోండి, కానీ మరీ అతిగా కాదు. ఒగర్ పవర్ గాంట్‌లెట్స్ అనే మ్యాజిక్ చేతి తొడుగులు దొరికితే స్ట్రెంగ్త్ ఎలాగూ 19 అవుతుంది కదా అని 8 దగ్గర వదిలేసినవాళ్లని చూశాను. ఆ గాంట్‌లెట్స్ ఏ దొంగ చేతికో పోయిన రోజు కవచం మోస్తూ కాళ్లీడ్చుకుంటూ నడవాల్సి వచ్చింది.

మూడో అడుగు: ఒక్కో మెట్టూ ఎక్కించండి

అసలు పని ఇక్కడే ఉంది. ఒక నోట్‌బుక్‌లో 1 నుంచి 8 వరకు ఎనిమిది వరుసలు గీయండి. ప్రతి వరుసలో మూడు విషయాలు రాయండి: ఈ లెవెల్లో ఏం కొత్తగా వచ్చింది, దాన్ని పోరాటంలో ఎప్పుడు వాడతాను, ఆ కాలంలో ఈ మనిషి జీవితంలో ఏం జరిగింది. మూడోది ఒక్క వాక్యం చాలు.

క్లాస్‌ని బట్టి సబ్‌క్లాస్ (లైఫ్ డొమైన్ లాంటి ప్రత్యేక శాఖ) వచ్చే లెవెల్ మారుతుంది. 2014లో క్లెరిక్, సోర్సరర్, వార్‌లాక్‌లకి ఒకటో లెవెల్లోనే, డ్రూయిడ్, విజార్డ్‌లకి రెండో లెవెల్లో, మిగతావాళ్లకి మూడో లెవెల్లో వస్తుంది. 2024లో అందరికీ మూడో లెవెలే.

4, 8, 12, 16, 19 లెవెల్స్‌లో ఎబిలిటీ స్కోర్ పెంచుకోవచ్చు, లేదా ఫీట్ తీసుకోవచ్చు. ఫైటర్‌కి 6, 14 లెవెల్స్‌లోనూ, రోగ్‌కి 10లోనూ అదనంగా ఒకటి దొరుకుతుంది. మన క్లెరిక్ 4వ లెవెల్లో విజ్డమ్ 18కి పెంచుకున్నాడు. 8వ లెవెల్లో రెండు దారులు. విజ్డమ్ 20 చేస్తే స్పెల్ సేవ్ డీసీ (మన స్పెల్‌ని తప్పించుకోవడానికి శత్రువు పాచికతో అందుకోవాల్సిన అంకె) 16 అవుతుంది. వార్ కాస్టర్ ఫీట్ తీసుకుంటే డీసీ 15 దగ్గరే ఆగుతుంది, కానీ దెబ్బ తిన్నప్పుడు కాన్సంట్రేషన్ నిలబెట్టుకునే సేవ్‌కి అడ్వాంటేజ్ (రెండుసార్లు పాచిక వేసి పెద్దది తీసుకోవడం) వస్తుంది. ఎక్కువమంది 20 వైపు మొగ్గుతారు. నేనైతే ఫీటే తీసుకుంటాను. శత్రువుల మధ్య నిలబడి స్పెల్ పట్టుకుని ఉండే క్లెరిక్‌కి ఒక పాయింట్ డీసీ కంటే ఆ స్పెల్ ఊడిపోకుండా ఉండటమే ముఖ్యం. పైగా కాన్‌స్టిట్యూషన్ సేవ్‌లో క్లెరిక్‌కి ప్రొఫిషియెన్సీ (శిక్షణ వల్ల కలిసే బోనస్) లేదు, మనవాడి బోనస్ +2 మాత్రమే.

ఐదో లెవెల్ దగ్గర కాసేపు ఆగండి. ఈ ఆటలో పెద్ద గెంతు అక్కడే ఉంది. ఫైటర్, బార్బేరియన్, పాలడిన్, రేంజర్, మాంక్‌లకి రెండో దెబ్బ కొట్టే ఎక్‌స్ట్రా అటాక్, స్పెల్స్ వేసే ప్రధాన క్లాసులకి మూడో లెవెల్ స్పెల్స్, అందరికీ ప్రొఫిషియెన్సీ బోనస్ +2 నుంచి +3. కాంట్రిప్‌ల (ఎన్నిసార్లైనా వేయగల చిన్న స్పెల్స్) దెబ్బ కూడా 5, 11, 17 లెవెల్స్‌లో పెరుగుతుంది. 5వ లెవెల్ వరుస నింపేటప్పుడు తొందరపడితే సగం పాత్ర జారిపోతుంది.

హిట్ పాయింట్ల లెక్క తేలికే, అయినా తప్పులన్నీ ఇక్కడే దొర్లుతాయి. ఒకటో లెవెల్లో పాచిక గరిష్ఠం. క్లెరిక్‌ది డి8 (ఎనిమిది ముఖాల పాచిక) కాబట్టి 8, దానికి కాన్‌స్టిట్యూషన్ 14కి వచ్చే బోనస్ 2, మొత్తం 10. ఆ తర్వాత ప్రతి లెవెల్‌కి స్థిరమైన అంకె 5, దానికి 2 కలిపి 7. ఏడు లెవెల్స్‌కి 49. మొత్తం 59. డి6కి ఆ స్థిరమైన అంకె 4, డి10కి 6, డి12కి 7. పాచిక వేస్తే డి8 సగటు 4.5 మాత్రమే కాబట్టి, డీఎం మీకే వదిలేస్తే స్థిరమైన అంకె తీసుకోండి. మధ్యలో ఎక్కడైనా కాన్‌స్టిట్యూషన్ 16కి పెంచితే బోనస్ 3 అవుతుంది, ఆ అదనపు పాయింట్ గడిచిన లెవెల్స్ అన్నిటికీ వర్తిస్తుంది: 59 కాస్తా 67 అవుతుంది. చాలామంది ఆ లెవెల్ నుంచి మాత్రమే కలుపుకుని ఊరికే నష్టపోతారు.

మల్టీక్లాస్ ఊరిస్తుంటే

రెండు క్లాసుల ప్రధాన ఎబిలిటీల్లోనూ 13 ఉండాలన్నది అందరికీ తెలిసిన నియమం. తెలియనిది ఇది: స్కోర్ పెంపు వచ్చేది క్లాస్ లెవెల్‌ని బట్టి, మొత్తం లెవెల్‌ని బట్టి కాదు. ఫైటర్ 8 అయితే 4, 6, 8 లెవెల్స్‌లో మూడు పెంపులు. ఫైటర్ 3, రోగ్ 5 అయితే రోగ్ నాలుగో లెవెల్‌ది ఒక్కటే. ఎక్‌స్ట్రా అటాక్ కూడా లేదు, ఎందుకంటే ఫైటర్‌గా ఐదో లెవెల్ అందుకోలేదు. బదులుగా 3డి6 (మూడు ఆరు ముఖాల పాచికల) స్నీక్ అటాక్ అనే అదనపు దెబ్బ దక్కుతుంది. లాభమో నష్టమో మీరే తేల్చుకోండి, కానీ తెలిసి తేల్చుకోండి.

స్పెల్స్ దగ్గర ఇంకో మెలిక ఉంది. క్లెరిక్ 5, విజార్డ్ 3 కలిపితే స్లాట్లు (ఏ లెవెల్ స్పెల్స్ ఎన్నిసార్లు వేయొచ్చో చెప్పే లెక్క) 8వ లెవెల్ వాడికి ఉన్నట్టే ఉంటాయి, నాలుగో లెవెల్ స్లాట్లు రెండు కూడా వస్తాయి. స్పెల్స్ మాత్రం ఏ క్లాస్‌కి ఆ క్లాస్ విడిగా చూసుకోవాలి: క్లెరిక్‌గా మూడో లెవెల్ వరకు, విజార్డ్‌గా రెండో లెవెల్ వరకు. అంటే నాలుగో లెవెల్ స్లాట్లు కింది స్పెల్స్‌ని బలంగా వేయడానికి తప్ప పనికిరావు. వార్‌లాక్ స్లాట్లు ఈ లెక్కలో కలవవు, వాటి దారి వాటిది. ప్రొఫిషియెన్సీ బోనస్, కాంట్రిప్‌ల బలం మాత్రం మొత్తం లెవెల్‌ని బట్టే.

మొదటిసారి హై లెవెల్ పాత్ర చేస్తున్నవాళ్లు మల్టీక్లాస్ జోలికి పోవద్దని నా సలహా. రెండు క్లాసుల శక్తుల్ని ఒక్క సాయంత్రంలో ఒంటబట్టించుకోవడం అయ్యే పని కాదు.

నాలుగో అడుగు: స్పెల్స్ ఎంచడం కన్నా సర్దడం ముఖ్యం

మన క్లెరిక్‌కి ఒకటి నుంచి నాలుగో లెవెల్ స్పెల్స్‌కి వరుసగా స్లాట్లు 4, 3, 3, 2. విజ్డమ్ బోనస్ 4, లెవెల్ 8 కలిపి రోజుకి 12 స్పెల్స్ సిద్ధం చేసుకోవచ్చు. లైఫ్ డొమైన్ ఇచ్చే ఎనిమిది ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాయి. (2024లో ఈ కూడిక లేదు, క్లాస్ పట్టికలో ఉన్న అంకె చూసుకోవాలి.) అంటే 20 స్పెల్స్. నా విజార్డ్ తంటా గుర్తుందిగా? అందుకే ఈ 20నీ లెవెల్ వారీగా కాకుండా పని వారీగా రాయండి.

ఒక పక్క కాన్సంట్రేషన్ కావాల్సినవి: బ్లెస్, స్పిరిట్ గార్డియన్స్, బీకన్ ఆఫ్ హోప్. వీటిలో ఒకసారి ఒకటే నడుస్తుంది కాబట్టి ఈ గుంపు చిన్నదిగా ఉండాలి. ఎనిమిది కాన్సంట్రేషన్ స్పెల్స్ సిద్ధం చేసుకుంటే వాటిలో ఏడు చేతిలో ఉండి కూడా లేనట్టే. మూడింటికి మించొద్దు. ఇంకో పక్క బోనస్ యాక్షన్‌తో (వంతులో అసలు యాక్షన్ కాక చేసే చిన్న పనితో) వేసేవి: హీలింగ్ వర్డ్, స్పిరిచువల్ వెపన్. తర్వాత పోరాటం బయట వాడేవి, చివర్లో చనిపోయినవాళ్లని బతికించే రివివిఫై లాంటి అత్యవసరాలు.

స్పిరిచువల్ వెపన్ దగ్గర రెండు రూల్స్ పుస్తకాలూ వేరుగా మాట్లాడతాయి. 2014లో దానికి కాన్సంట్రేషన్ అక్కర్లేదు, స్పిరిట్ గార్డియన్స్‌తో కలిపి నడపొచ్చు. 2024లో కాన్సంట్రేషన్ కావాలి, ఆ జోడీ పోయినట్టే. పాత గైడ్ చూసి కొత్త రూల్స్‌లో పాత్ర చేస్తే ఇలాంటి చోటే బోల్తా పడతాం.

విజార్డ్ చేస్తుంటే లెక్క వేరు. ఒకటో లెవెల్లో 6 స్పెల్స్, ఆపైన లెవెల్‌కి 2 చొప్పున స్పెల్‌బుక్‌లో చేరతాయి, 8వ లెవెల్‌కి 20. ఇవి కాక ప్రయాణాల్లో దొరికినవి రాసుకున్నానని చెప్పాలంటే స్పెల్ లెవెల్‌కి 50 బంగారు నాణేలు, 2 గంటలు ఖర్చు. ఆ నాణేలు మీ ప్రారంభ సొమ్ములోంచే పోనిస్తారా అని డీఎంని అడగండి.

ఐదో అడుగు: సొమ్ము, సామాను

5 నుంచి 10 లెవెల్స్ మధ్య మొదలయ్యే పాత్రకి మామూలు ప్రారంభ సామానుతోపాటు 500 నాణేలు, ఒక డి10 వేసి వచ్చినదానికి 25 రెట్లు అదనం. 11 నుంచి 16 వరకు 5,000, దానిపైన డి10కి 250 రెట్లు. 17 నుంచి మొదటి మొత్తం 20,000. మ్యాజిక్ వస్తువులు డీఎం ప్రపంచాన్ని బట్టి. 2014 మామూలు పద్ధతిలో 5–10 లెవెల్స్ వాళ్లకి ఒక్కటీ రాదు, మ్యాజిక్ ఎక్కువున్న ప్రపంచంలో ఒక అన్‌కామన్ (కొంచెం అరుదైన) వస్తువు వస్తుంది. 2024లో ఒక కామన్, ఒక అన్‌కామన్.

మనవాడికి పాచికలో 6 పడిందనుకోండి: 500, 150 కలిపి 650. ఎనిమిదో లెవెల్ వీరుడు కదా, ప్లేట్ కవచం ఉండదా అంటే ఉండదు. దాని ధర 1,500. 200 పెట్టి స్ప్లింట్ కొంటే ఆర్మర్ క్లాస్ (మనకి దెబ్బ తగలాలంటే శత్రువు పాచికతో అందుకోవాల్సిన అంకె) 17, చేతిలో ఎలాగూ ఉన్న డాలుతో 19. రివివిఫైకి 300 నాణేల విలువైన వజ్రాలు కావాలి, వాడగానే అవి పోతాయి. ఇది మర్చిపోయి స్పెల్ మాత్రమే రాసుకున్న క్లెరిక్‌లు నాకు ముగ్గురు తెలుసు. చచ్చిన స్నేహితుడి పక్కన కూర్చుని సంచి వెతుక్కోవడం తప్ప వాళ్లు చేయగలిగింది లేకపోయింది. మిగిలిన 150తో 50 చొప్పున మూడు హీలింగ్ పోషన్లు. లెక్క సరిపోయింది, చేతిలో చిల్లిగవ్వ లేదు.

వస్తువు ఎంచుకోనిస్తే క్లోక్ ఆఫ్ ప్రొటెక్షన్ లాంటిది తీసుకోండి. ఆర్మర్ క్లాస్‌కీ, అన్ని సేవ్‌లకీ ఒక పాయింట్ తనంతట తానే కలుస్తుంది, మీరు గుర్తుపెట్టుకోవాల్సిందేమీ ఉండదు. రోజుకి మూడుసార్లు ఇది, తెల్లారితే అది అంటూ షరతులున్న వస్తువులు కొత్త పాత్రకి బరువే. అట్యూన్ చేసుకునే (పాత్రతో ముడిపడితేనే పనిచేసే) వస్తువులు మూడుకి మించకూడదన్నది కూడా గుర్తుంచుకోండి.

ఆరో అడుగు: గడిచిన ఏడు లెవెల్స్ కథ

8వ లెవెల్ చేరాలంటే 34,000 ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు) కావాలి. ఒగర్ అనే రాక్షసుడిని ఒకణ్ని చంపితే వచ్చేది 450. ఒంటరిగా ఒగర్లనే వేటాడుతూ పోతే 76 మందిని చంపాలి! ఇంత చూసినవాడు నిన్ననే గుడి నుంచి బయటికొచ్చినట్టు మాట్లాడితే ఎవరూ నమ్మరు.

అలాగని అయిదు పేజీల చరిత్ర రాయకండి, ఏ డీఎం కూడా చదవడు. మూడో అడుగులో రాసుకున్న ఎనిమిది వాక్యాలు చాలు. మన క్లెరిక్‌వి కొన్ని: రెండో లెవెల్లో గురువు మాట కాదని ఒక బందిపోటుని బతికించాడు. ఐదో లెవెల్లో రివివిఫై నేర్చుకున్న వారానికే వజ్రం లేక సొంత చెల్లెలు చనిపోయింది. ఆరో లెవెల్లో పాత గుంపుతో విడిపోయాడు, వాళ్లలో ఒకడు ఇంకా మాట్లాడడు. ఇప్పుడు సంచిలో ఉన్న ఆ 300 నాణేల వజ్రానికి ఒక అర్థం వచ్చింది. అతను దాన్ని అంత తేలిగ్గా వాడడు, వాడిన రోజు టేబుల్ దగ్గర అందరికీ తెలుస్తుంది.

విజయాలకంటే ఒక ఓటమి, ఒక బాకీ, బతికే ఉన్న ఒక శత్రువు డీఎంకి ఎక్కువ పనికొస్తాయి. బందిపోటు ఎక్కడున్నాడో మీరు తేల్చకండి, ఆ సరదా డీఎంకి వదిలేయండి. కథలో దేవుళ్లతో సరిసమానంగా పోరాడానని రాయడం కూడా మానండి. 5 నుంచి 10 లెవెల్స్ అంటే ఒక ప్రాంతంలో పేరున్న వీరులు, అంతే. లోకాన్ని తలకిందులు చేసేది 17కి చేరినవాళ్లు.

ఏడో అడుగు: ఒంటరిగా మూడు రౌండ్లు ఆడండి

దీన్ని దాటేయాలనిపిస్తుంది. దాటేయకండి. ఒక ట్రోల్‌ని ఎదురుగా పెట్టుకోండి: ఆర్మర్ క్లాస్ 15, హిట్ పాయింట్లు 84, నిప్పో యాసిడో తగలకపోతే ప్రతి వంతుకీ 10 హిట్ పాయింట్లు తిరిగి తెచ్చుకుంటుంది. మీ పాత్రతో మూడు వంతులు ఆడండి.

మన క్లెరిక్‌ని ఇలా ఆడించినప్పుడు మొదటి వంతులోనే ఇరుక్కున్నాను. స్పిరిట్ గార్డియన్స్ యాక్షన్‌తో వేసి, అదే వంతులో స్పిరిచువల్ వెపన్ బోనస్ యాక్షన్‌తో వేద్దామనుకున్నాను. కుదరదు. 2014 రూల్ ప్రకారం బోనస్ యాక్షన్‌తో స్పెల్ వేసిన వంతులో ఇంకో స్పెల్ వేయాలంటే అది ఒక యాక్షన్ పట్టే కాంట్రిప్ అయ్యుండాలి. (2024లో ఒక వంతుకి ఒకే స్లాట్ ఖర్చు చేయొచ్చు, ఫలితం దాదాపు ఇంతే.) కాబట్టి క్రమం ఇది: మొదటి వంతు స్పిరిట్ గార్డియన్స్, రెండో వంతు స్పిరిచువల్ వెపన్ వేసి గదతో ఒక దెబ్బ, మూడో వంతు నుంచి రెండూ నడుస్తుంటాయి. ఎక్కడా వెతుక్కోకుండా చెప్పగలిగేదాకా రెండోసారి, మూడోసారి ఆడండి.

తర్వాత షీట్ వెనక ఒక చిన్న చీటీ అంటించండి. మామూలు వంతులో ఏం చేస్తాను, ఎవరైనా కూలిపోతే ఏం చేస్తాను, పారిపోవాలంటే ఏం చేస్తాను. పక్కనే డీఎం పదేపదే అడిగే అంకెలు: ఆర్మర్ క్లాస్ 19, హిట్ పాయింట్లు 59, డీసీ 15, పర్సెప్షన్‌లో (చుట్టూ గమనించే నేర్పులో) ప్రొఫిషియెన్సీ ఉంటే పాసివ్ పర్సెప్షన్ (పాచిక వేయకుండానే లెక్కించేది) 17. ఆ షీట్‌ని ఆటకి రెండు రోజుల ముందే డీఎంకి పంపండి. టేబుల్ దగ్గర అరగంట వాదన తప్పుతుంది.

ఇక నా విజార్డ్ సంగతి. ట్రోల్స్ దెబ్బలు తిన్న ఫైటర్ ఎలాగో బతికాడు. అతన్ని ఆడిస్తున్న స్నేహితుడు తర్వాతి వారం ఒక నీలం గాజు రాయి తెచ్చి నా షీట్ మీద పెట్టాడు. కాన్సంట్రేషన్ స్పెల్ నడుస్తుంటే రాయి షీట్ మీద ఉండాలి, లేకపోతే పక్కన. ఇప్పటికీ నేను రెండో స్పెల్ పేరు చెప్పబోతుంటే ఏమీ మాట్లాడకుండా ఆ రాయి మీద వేలితో రెండుసార్లు తడతాడు.